ఎనిమిదిన్నర కిలోల క్యూబు

నా ఉద్యోగమంతా విరగ్గొట్టడమే. ఎవరో పోసిన కాంక్రీటు దిమ్మలను యంత్రం కింద పెట్టి, ఎంత ఒత్తిడికి పగులుతాయో చూసి, ఆ అంకెను రాసి సంతకానికి పంపేదాన్ని. ఖరగ్‌పూర్ ఊరి చివర, రేకుల కప్పు కింద ఉన్న ఒక చిన్న ప్రైవేటు లాబొరేటరీలో యాభైల చివర్లో చేరి, డెబ్భైలు ముగిసేదాకా అదే పని చేశాను.

ఇప్పుడు ఇలాంటి లాబుల్లో చేరే పిల్లలు నాకంటే పెద్ద చదువులు చదివి వస్తున్నారు. యంత్రమే అంకె చూపిస్తుంది, కంప్యూటరే రిపోర్టు తయారుచేస్తుంది. వాళ్ళకు పద్ధతులు నేర్పవలసిన అవసరం నాకు లేదు. కానీ ఈ పనికి కావలసిన గుణం ఒకటుంది. దాన్ని ఏ కాలేజీలోనూ చెప్పరు. అది అనుమానం. అది ఎక్కువైతే మనుషులు దూరమవుతారు, తక్కువైతే కప్పులు కూలతాయి. ఈ రెండింటి మధ్య ఇరవై ఏళ్ళు ఎలా నెట్టుకొచ్చానో చెప్పడానికి ఒక్క బడి కథ చాలు.

చేతిలో బరువు

మా నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. మా క్వార్టరు ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను లెక్కలు ప్రధానాంశంగా బీయస్సీ చదివాను. మా వీధిలో అప్పటికి అంతవరకు చదివిన ఆడపిల్ల మరొకతె లేదు కాబట్టి, నాకు ఏ ఉద్యోగం వస్తుందో చూద్దామని అందరూ ఎదురుచూశారు. సిమెంటు దుమ్ములో పని అని తెలిశాక కొందరు నొసలు చిట్లించారు.

లాబ్ యజమాని సన్యాల్ బాబు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వాసన పసిగడుతున్నట్టు ముఖం పెట్టుకుని ఉండేవారు. ఆయన నాతో బెంగాలీలోనే మాట్లాడేవారు. ఆ మాటలను నాకు గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను.

చేరిన రోజే ఆయన ఒక క్యూబు తెచ్చి నా చేతుల్లో పెట్టారు. అప్పట్లో క్యూబు అంటే పొడవు, వెడల్పు, ఎత్తు ఆరేసి అంగుళాలుండే కాంక్రీటు దిమ్మ. రెండు చేతులా పట్టుకున్నా పొట్టకు ఆనించుకోవాలనిపించేంత బరువు.

"ప్రతి వైపూ ఒక అడుగు ఉండే దిమ్మను ఎత్తగలవా?" అని అడిగారు. "నీకంటే ముందు వచ్చినతను ఎత్తుతానన్నాడు. ఆరంగుళాలకు అడుగు రెట్టింపే కదా అన్నాడు."

నేను మనసులో లెక్క వేసుకున్నాను. ఆరును ఆరుతో, మళ్ళీ ఆరుతో గుణిస్తే రెండువందల పదహారు. పన్నెండును అలాగే మూడుసార్లు వేస్తే పదిహేడువందల ఇరవై ఎనిమిది. "ఎనిమిదింతలు సార్. ఎత్తలేను" అన్నాను.

"లెక్క సరే. ఇప్పుడు దాన్ని కింద పెట్టకుండా అలాగే నిలబడు. ఇలాంటివి ఎనిమిది నీ చేతుల్లో ఉన్నాయనుకో."

ఆయన తన బల్ల దగ్గరకు వెళ్ళి ఏదో చదువుకోసాగారు. కాసేపటికి నా భుజాలు లాగడం మొదలైంది. మోచేతులు వణికాయి. ఘనం అంటే పుస్తకంలో అంకె నెత్తి మీద రాసే చిన్న మూడు అని అంతవరకు అనుకునేదాన్ని. ఆ మూడుకు ఎంత బరువుందో అప్పుడు తెలిసింది.

తరవాత ఆయన చెప్పిన మాట నా ఉద్యోగం పొడుగునా పనికొచ్చింది. "దిమ్మ అంచు పొడవులో కొంచెం తేడా వస్తే కన్ను పట్టుకోలేదు. వైశాల్యంలో అది రెండింతలవుతుంది, ఘనంలో సుమారు మూడింతలు. తేడా ఎక్కడ పెద్దదిగా కనబడుతుందో అక్కడే వెతకాలి. అందుకని ఇక్కడ తూకం వేయకుండా ఏదీ విరగ్గొట్టం."

కాంట్రాక్టర్లకు ఈ అలవాటు నచ్చేది కాదు. పగలగొట్టేదానికి తూకమెందుకని విసుక్కునేవారు. సన్యాల్ బాబు వాళ్ళకు త్రాసు వైపు వేలు చూపించేవారు, అంతే.

అంగుళాలు పోయాక

అరవైల్లో అంగుళాలు, పౌండ్లు పోయి సెంటీమీటర్లు, కిలోలు వచ్చాయి. మా పనిలో ఆరంగుళాల క్యూబు పోయి పదిహేను సెంటీమీటర్ల క్యూబు వచ్చింది. రెండూ ఒకటేనని ఊళ్ళో అందరూ అనుకునేవారు. పక్కపక్కన పెడితే నిజంగానే ఒకటిగానే కనబడతాయి. ఆరంగుళాలంటే పదిహేను సెంటీమీటర్ల మీద రెండున్నర మిల్లీమీటర్లు కూడా ఉండవు. అది ఒక గీత మందం. అంచుల్లో సిమెంటు పొర కాస్త లేచి ఉంటే స్కేలు పెట్టినా తెలియదు.

కొత్త లెక్క నాకు నోటికి వచ్చేసింది. పదిహేను ఘనం మూడువేల మూడువందల డెబ్భై ఐదు. మా వైపు నల్లరాయి కంకరతో పోసిన కాంక్రీటు ఘన సెంటీమీటరుకు రెండుంబావు నుంచి రెండున్నర గ్రాములలోపు తూగుతుంది. మంచిదైతే రెండు పాయింటు నాలుగు. అంటే ఒక క్యూబు ఎనిమిది కిలోల వంద గ్రాముల దగ్గర ఉండాలి. త్రాసు మీద పెట్టకముందే చేతిలోకి తీసుకుని ఎంత ఉంటుందో చెప్పడం నాకు ఆటగా మారింది.

ఆ రోజుల్లోనే మన తెలుగువాళ్ళు కొందరు కలిసి పిల్లలకు ఒక బడి కట్టడం మొదలుపెట్టారు. కింద ఒక అంతస్తు గోడలు అప్పటికే లేచాయి. పైన మరో అంతస్తు వేయడానికి శ్లాబు పోస్తున్నారు. ఆ పని ఒప్పుకున్నాయన కోటేశ్వరరావు గారు. కోస్తా నుంచి వచ్చి బజారులో సిమెంటు, ఇనుము దుకాణం పెట్టి పైకొచ్చిన మనిషి. ఆ బడికి పెద్ద దాత కూడా ఆయనే. తెల్లని పంచె, మెల్లని మాట. ఎక్కడ కనబడినా "బాగున్నావామ్మా వరలక్ష్మీ" అని పేరు పెట్టి పలకరించేవారు. అలాంటి మనిషిని అనుమానించడానికి మనసు ఒప్పదు.

ఆయన దగ్గర పని చూసే సూపర్‌వైజరు సింహాచలం. మా నాన్నకు చిన్నప్పటి స్నేహితుడు, ఆదివారమైతే మా అరుగు మీదే ఉండేవాడు. నేను చిన్నాన్న అనేదాన్ని. ఆయన నన్ను వరం అనేవాడు.

మా లాబ్ నుంచి పదిహేను సెంటీమీటర్ల కొత్త అచ్చులు ఆ పని దగ్గరకు పంపించాం. సింహాచలం చిన్నాన్న శ్లాబు పోసేటప్పుడే అదే కాంక్రీటు కొంత తీసి అచ్చుల్లో నింపాలి. మరునాడు దిమ్మలు ఊడదీస్తే, కోటేశ్వరరావు గారి లారీ వాటిని దుకాణం వెనక యార్డుకు తీసుకెళ్ళి నీళ్ళ తొట్టిలో నానబెడుతుంది. నాలుగు వారాలయ్యాక మా దగ్గరకు వస్తాయి. పని దగ్గర తొట్టి లేదు కాబట్టి ఈ ఏర్పాటుకు ఎవరూ అడ్డు చెప్పలేదు.

బరువెక్కిన దిమ్మలు

క్యూబులు వచ్చాయి. మొదటిదాన్ని చేతిలోకి తీసుకోగానే ఏదో తేడాగా అనిపించింది. త్రాసు ఎనిమిదిన్నర చూపించింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఒకటి పక్కన ఉంచి మిగతావి యంత్రం కింద పెడితే అన్నీ కావలసినదానికంటే చాలా ఎక్కువ ఒత్తిడిని తట్టుకున్నాయి. ఒకదానికొకటి అంకెల్లో తేడా దాదాపు లేదు.

సన్యాల్ బాబు ఆ అంకెలు చూసి ముఖం చిట్లించారు. "పని దగ్గర మనుషులు తట్టలతో మోసి, పారలతో కలిపిన కాంక్రీటు ఇంత ఒకేలా ఉంటుందా? ఇది వంటింట్లో కొలతలు పెట్టుకుని చేసినట్టుంది."

నాకు బరువు మీదే అనుమానం. కాంక్రీటు బరువెక్కాలంటే అందులో రాయి మారాలి. పగిలిన ముక్కలను ఏరి చూశాను. అందరూ వాడే రాయే. అదే రాయి, అదే ఇసుక, మరి నాలుగువందల గ్రాములు ఎక్కడి నుంచి వచ్చాయి?

మొదట సింహాచలం చిన్నాన్ననే అడుగుదామని సైకిలు మీద బడి దగ్గరకు వెళ్ళాను. ఆయన గోడ నీడన కూర్చుని బీడీ వెలిగిస్తున్నాడు.

"చిన్నాన్నా, ఆ క్యూబుల్లో వేరే రాయి ఏమైనా వేశారా?"

ఆయన బీడీ నోట్లోంచి తీశాడు. "ఏల? ఫేలయినాయేటి?"

"లేదు. బాగా వచ్చాయి. మరీ బాగా వచ్చాయి."

"బాగొస్తే అడగడానికొచ్చినావేటి? నా ముప్పై ఏళ్ళ సర్వీసులో బాగొచ్చిందని ఒక్కలూ అడగనేదు." ఒక దమ్ము లాగాడు. "శ్లాబులో ఏసిందే అచ్చులో ఏసినాను. ఈపాలి సిమెంటు గట్టిపడ్డం ఆలీసమవుతంది. మా దుకాణం బాబుగారికి సెప్పినాను కూడాని. వానాకాలం, అలగే ఉంటాదన్నారు."

ఆ మాట నాకు ఇంకో ముల్లులా గుచ్చుకుంది. గట్టిపడటం ఆలస్యమైన సిమెంటుతో అంత గట్టి క్యూబులు ఎలా వచ్చాయి? ఆయన అబద్ధం చెబుతున్నాడా? అబద్ధం చెప్పేవాడైతే నాకు ఇంకా అనుమానం పెంచే మాట ఎందుకు చెబుతాడు?

ఇంటికి వచ్చేసరికి సంగతి నాన్నకు తెలిసిపోయింది. అన్నం దగ్గర ఆయన తల ఎత్తకుండానే అన్నాడు. "సింహాసలం మీద అనుమానం పెట్టుకున్నావంట. రేపు ఆడి మొకం నానెలగ సూడాల?"

"ఆయన మీద కాదు నాన్నా, దిమ్మ మీద."

"దిమ్మని పోసినోడు ఆడే కదా."

నేను కంచం తీసుకుని లేచాను. ఆ ఆదివారం చిన్నాన్న మా అరుగు మీదకు రాలేదు.

ఘనమూలం

కొత్తగా వచ్చేవాళ్ళు ఘనమూలం అంటే భయపడతారు. పనిలో దానికి పెద్ద పద్ధతి అక్కర్లేదు, ఊహించి దగ్గరకు పోవడమే. మరునాడు నేను చేసిందీ అదే.

రాయి మారలేదు కాబట్టి సాంద్రత మారలేదు అనుకున్నాను. ఎనిమిదివేల ఐదువందల గ్రాములను రెండు పాయింటు నాలుగుతో భాగిస్తే, సుమారు మూడువేల ఐదువందల నలభై ఘన సెంటీమీటర్లు. అంటే దిమ్మే పెద్దదై ఉండాలి. ఎంత పెద్దది? ఏ సంఖ్యను మూడుసార్లు వేసి గుణిస్తే ఇది వస్తుంది? పదిహేను అయితే తక్కువ. పదహారు అయితే నాలుగువేలు దాటిపోతుంది. పదిహేను పాయింటు రెండు వేసి చూశాను, కాస్త తగ్గింది. పదిహేను పాయింటు మూడు వేస్తే పెరిగింది. రెంటి మధ్య, మొదటిదానికి దగ్గరగా ఉంది. పదిహేను పాయింటు రెండు నాలుగు వేశాను. సరిపోయింది.

కాగితం మీద ఆ అంకెను చూస్తూ ఉండగానే, అది నాకు తెలిసిన అంకే అనిపించింది. ఒక అంగుళానికి రెండు పాయింటు అయిదు నాలుగు సెంటీమీటర్లు. ఆరంగుళాలకు సరిగ్గా పదిహేను పాయింటు రెండు నాలుగు.

ఇంకా విరగ్గొట్టని క్యూబు ఒకటి మిగిలి ఉంది. అంచుల మీది పొర గీకేసి, సన్యాల్ బాబు రెండు దవడల మధ్య పట్టి కొలిచే కాలిపర్సుతో కొలిచారు. ఆరంగుళాలు. ఆ దిమ్మ పాత అచ్చులోంచి వచ్చింది.

"మనం వాళ్ళకు ఏ అచ్చులు ఇచ్చాం?" అని అడిగారు ఆయన.

"కొత్తవి సార్. పదిహేనువి."

ఆయన కాలిపర్సును బల్ల మీద పెట్టేశారు. పెద్ద దిమ్మ చిన్న అచ్చులోంచి ఊడి రాదు. మేమిచ్చిన అచ్చుల్లో పోసిన క్యూబులు మా దగ్గరకు చేరలేదు. చేరినవి ఇంకెక్కడో పోసినవి.

ఆ సాయంత్రమే కోటేశ్వరరావు గారు లాబ్‌కు వచ్చారు. రిపోర్టు ఎందుకు ఆలస్యమవుతోందో కనుక్కోవడానికి వచ్చానన్నారు. సన్యాల్ బాబు కొలత సంగతి చెప్పారు. కోటేశ్వరరావు గారి ముఖంలో ఏ మార్పూ లేదు. నవ్వారు కూడా.

"ఓస్, ఇంతేనా? పాత అచ్చులు పడి ఉంటే వాటిల్లో పోసేసి ఉంటాడు మా సింహాచలం. పెద్దవాడైపోయాడు, అంగుళమేదో సెంటీమీటరేదో పట్టించుకోడు. ఎందులో పోస్తేనేం, పాసయ్యాయి కదమ్మా?"

మాట తేనెలా ఉంది. తప్పు ఎంత మెత్తగా చిన్నాన్న నెత్తి మీదకు జరిగిపోయిందో గమనించాను. నిజం చెప్పాలంటే, ఒక్క క్షణం అలా అయి ఉండవచ్చేమో అని కూడా అనిపించింది.

మరునాడు సన్యాల్ బాబూ నేనూ కలిసి బడి దగ్గరకు వెళ్ళాం. చిన్నాన్న మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు కానీ పలకరించలేదు. అచ్చులు చూపించమని అడిగితే, గోనెపట్టా కింద నుంచి తీసి మా ముందు పెట్టాడు. మేమిచ్చిన కొత్తవే. లోపలి మూలల్లో కాంక్రీటు మరకలున్నాయి. కొలిస్తే పదిహేను. పాత అచ్చులు ఆ చుట్టుపక్కల ఎక్కడా కనబడలేదు.

నేను జరిగిందంతా ఆయనకు చెప్పాను. ఆయనకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది.

"అంటే," అన్నాడు మెల్లగా, "నాను పోసినవి మీకాడికి రానేదు?"

"రాలేదు."

"మరేటయినాయి?"

ఆయన పైకి, శ్లాబు వైపు చూశాడు.

ఇసుక బస్తాలు

తిరిగి వచ్చే దారిలో సన్యాల్ బాబు అన్నారు, "అతను నిజం చెబుతున్నాడని నీకు అనిపిస్తోంది. నాకూ అనిపిస్తోంది. కానీ అనిపించడం రిపోర్టులో రాయలేం. మన అచ్చులు ఒకసారి వాడి, రెండోసారి పాతవి వాడి ఉండవచ్చు. సిమెంటు అతనే అమ్ముకుని ఉండవచ్చు. శ్లాబునే అడుగుదాం."

బడి కమిటీకి ప్రెసిడెంటు రిటైరైన ఒక రైల్వే గార్డు. ఆయన మా మాట విని ఇబ్బంది పడ్డారు. పెద్ద దాతను అనుమానించినట్టవుతుందని వెనకాడారు. "పైన కూర్చునేది పిల్లలు, కింద కూర్చునేదీ పిల్లలే" అని సన్యాల్ బాబు అన్నాక ఒప్పుకున్నారు.

పరీక్ష సులువైనదే. శ్లాబు మీద ఇసుక బస్తాలు పేర్చాలి. కింద నుంచి అది ఎంత వంగిందో చూడాలి. ఒక రోజంతా ఉంచి బస్తాలు దింపేస్తే, మంచి శ్లాబు మళ్ళీ దాదాపు తన స్థానానికి వస్తుంది. ఒకవేళ కూలితే ఆపడానికి కింద జానెడు ఖాళీ వదిలి దుంగలు నిలబెడతారు. అయినా ఎవరో ఒకరు కిందికి వెళ్ళి కొలత చూసి రావాలి.

కూలీలు బస్తాలు ఎక్కించడం మొదలుపెట్టారు. కమిటీవాళ్ళు, మా నాన్నలాంటి వాళ్ళు కొందరు ఆవరణలో నిలబడ్డారు. కోటేశ్వరరావు గారు వచ్చారు గానీ, రోడ్డు అవతల టీ దుకాణం దగ్గరే ఆగిపోయారు. ప్రెసిడెంటు గారు పిలిస్తే, ఇక్కడి నుంచి కనబడుతోంది లెండి అన్నారు.

కొలత చూడటానికి నేను చీర కొంగు దోపుకుని ముందుకు నడిచాను. సింహాచలం చిన్నాన్న అడ్డొచ్చాడు.

"నువ్వాగు. దుంగలు నిలబెట్టింది నాను. నానెల్తాను."

"చిన్నాన్నా, కొలత నేను చూడాలి."

"సూసి సెప్తాను. నా మాట నమ్మకపోతే తరవాత నువ్వెల్లి సూసుకో."

ఆయన తల వంచుకుని శ్లాబు కిందికి వెళ్ళాడు. పైన బస్తాలు పడుతున్న ప్రతిసారీ కింద దుమ్ము రాలుతోంది. సిమెంటు తానే దొంగిలించినవాడు ఆ కాంక్రీటు కిందికి నడవడు. నేను చిన్నాన్నను చూశాను, రోడ్డు అవతల తెల్ల పంచెను చూశాను. ఇది కూడా రిపోర్టులో రాసేది కాదు. కానీ నాకు సరిపోయింది.

సగం బస్తాలు ఎక్కకముందే లోపలి నుంచి ఆయన గొంతు వినబడింది. "ఆపండి. దూలం పక్కన సీలింది."

ఆయన బయటికి వచ్చేసరికి మీసాల మీద సిమెంటు పొడి. మా నాన్న వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. చిన్నాన్న మెల్లగా మోచెయ్యి విడిపించుకున్నాడు.

బస్తాలు దింపేశారు. మరునాడు చూసినా శ్లాబు పైకి లేవలేదు. వంగింది వంగినట్టే ఉంది.

నీళ్ళ పీపా కింద

అప్పటికీ కోటేశ్వరరావు గారు తడబడలేదు. సూపర్‌వైజరు సిమెంటు అమ్ముకున్నాడు, తన కళ్ళు కప్పడానికి మంచి క్యూబులు పోయించి లాబ్‌కు పంపాడు, తాను మోసపోయాను అని కమిటీకి చెప్పారు. కొంతమంది నమ్మారు కూడా. దానం చేసిన చెయ్యి ఒకవైపు, కూలివాళ్ళ మీద కేకలేస్తూ తిరిగే మనిషి ఒకవైపు ఉంటే జనం ఎటు నమ్ముతారో నేను వేరే చెప్పక్కర్లేదు.

"నా దిమ్మలు నాకు సూపించండి" అని ఒకటే మాట అన్నాడు చిన్నాన్న. "ప్రతిదాని మీదా మేకుతో గీత కొట్టినాను. శ్లాబు పోసిన రోజు కొట్టినాను."

ప్రెసిడెంటు గారు, సన్యాల్ బాబు, చిన్నాన్న, నేను కలిసి దుకాణం వెనక యార్డుకు వెళ్ళాం. కోటేశ్వరరావు గారు లోపల లెక్క చూసుకుంటున్నట్టు కూర్చునే ఉన్నారు. తొట్టి ఖాళీగా ఉంది. ఓ మూల తుప్పు పట్టిన ఆరంగుళాల అచ్చులు రెండున్నాయి. వాటికి కొత్తగా పూసిన నూనె ఇంకా ఆరలేదు. యార్డంతా తిరిగినా దిమ్మలు కనబడలేదు. చివరికి చిన్నాన్నే చూశాడు. కూలీలు తాగే నీళ్ళ పీపాను ఎత్తు మీద నిలబెట్టడానికి దాని కింద నాలుగు క్యూబులు సర్ది ఉన్నాయి. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని బురద తుడిచాడు. మేకు గీత కనబడింది.

వాటిని లాబ్‌కు తెచ్చాం. కొలిస్తే పదిహేను సెంటీమీటర్లు. తూకం ఎనిమిది కూడా లేదు. యంత్రం కింద పెట్టాక పగిలిన చప్పుడు కూడా సరిగా రాలేదు, పిండిలా నలిగాయి. కావలసిన బలంలో సగం లేదు.

సింహాచలం చిన్నాన్నే సిమెంటు అమ్ముకుని ఉంటే, ఈ బలహీనమైన దిమ్మలను దాచవలసింది ఆయనే. అవి దొరికింది యజమాని యార్డులో. బలమైనవి పుట్టిందీ అక్కడే. దుకాణంలో విప్పి ఉన్న బస్తాల నుంచి సన్యాల్ బాబు గుప్పెడు సిమెంటు తెచ్చి చూస్తే, అందులో బూడిద కలిసి ఉంది. దుకాణం తాళం ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలుసు.

కమిటీ ఆయన దగ్గర నుంచి పని తీసేసుకుంది. అంతకు మించి ఏమీ జరగలేదు. పరువు పోతుందని ఎవరూ కేసు పెట్టలేదు. ఆయన దుకాణం నడుస్తూనే ఉంది, పంచె తెల్లగానే ఉంది, రోడ్డు మీద కనబడితే నన్ను పేరు పెట్టి పలకరించడం కూడా మానలేదు. చెడు బయటపడితే శిక్ష పడుతుందని ఆశపడి ఈ ఉద్యోగంలోకి రాకండి. కప్పు కూలకుండా ఆపగలిగితే మన పని అయిపోయినట్టే. నేను చాలా ఏళ్ళు కోపంతో ఉండి, తరవాత దీన్ని ఒప్పుకున్నాను.

రెండో శ్లాబు

పాత శ్లాబు పగలగొట్టి కొత్తది పోయడానికి కమిటీ సింహాచలం చిన్నాన్ననే పెట్టుకుంది. ఆయన ఒప్పుకోవడానికి ఒక షరతు పెట్టాడని ప్రెసిడెంటు గారు వచ్చి చెప్పారు. క్యూబులు నింపడానికి నేనే రావాలట.

వెళ్ళాను. అచ్చులు నూనె రాసి సిద్ధంగా ఉన్నాయి. కలిపిన కాంక్రీటు తట్టలో తెప్పించి నా ముందు పెట్టించి, ఆయన వెనక్కి జరిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సాయం చెయ్యొచ్చు కదా చిన్నాన్నా."

"నా సెయ్యి తగలనీకు. రేపు ఇంకోడెవడైనా అడిగితే నువ్వే సెప్పాల."

పొరలు పొరలుగా నింపి, చువ్వతో పొడిచి, పైన నున్నగా చేశాను. దిమ్మలు ఊడదీశాక ఆయనే రిక్షా పిలిచి, నన్ను వాటితోపాటు కూర్చోబెట్టి లాబ్‌కు పంపాడు. ఈసారి మా తొట్టిలోనే నానాయి.

విరగ్గొట్టే రోజు ఆయన లాబ్‌కు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోడవార నిలబడ్డాడు. నేను మొదటి క్యూబును త్రాసు మీద పెట్టాను. ఎనిమిది కిలోల వంద దగ్గర ముల్లు ఆగింది. స్కేలు పెట్టి మూడు వైపులా కొలిచాను. యంత్రం కింద పెట్టాను. అది కావలసినంత బరువు మోసి, ఇంకా మోసి, చివరికి గట్టి చప్పుడుతో పగిలింది. ఆ చప్పుడుకు చిన్నాన్న కళ్ళు మూసుకున్నాడు.

అన్నీ అయ్యాక, చేతులు కడుక్కుని ఆయన దగ్గరకు వెళ్ళాను. "పాసయ్యాయి చిన్నాన్నా."

"నీ సేత్తో నువ్వే నింపినావు. అయినా తూకమేసినావు, కొలిసినావు."

"అవును."

"నన్ను నమ్మినావా, తూకాన్ని నమ్మినావా?"

అబద్ధం చెబితే ఆయనకు తెలిసిపోతుంది. "తూకాన్నే" అన్నాను.

ఆయన కాసేపు నేల మీది కాంక్రీటు ముక్కలను చూశాడు. తరవాత తల ఊపాడు. "అదే మంచిది. నన్ను నమ్మి వదిలేసి ఉంటే, ఆ పంచె కట్టినోడిని కూడా నమ్ముదువు."

ఆ ఆదివారం ఆయన మా అరుగు మీదకు వచ్చాడు. నాన్న తాను కూర్చున్న స్టూలు ఆయనకు జరిపి, గడప మీద కూర్చున్నాడు. లోపల టీ కాస్తున్న నాకు వాళ్ళ మాటలు వినబడుతున్నాయి.

"నీ కూతురు నన్ను నమ్మదురా" అన్నాడు చిన్నాన్న.

"నన్ను మాత్రం నమ్ముద్దేటి?" అన్నాడు నాన్న. "మొన్న నాను తెచ్చిన కందిపప్పు కూడా తూకమేసింది."